పొగ పోయే తొవ్వ

గ్యాస్ గీజర్ కొనడానికి వెళ్లినవాడు మామూలుగా ధర అడుగుతాడు, గ్యారంటీ అడుగుతాడు. మొన్న వనపర్తిలో నేను దుకాణం మెట్లెక్కుతూనే, "దీని పొగ యాడికి పోతది?" అని అడిగాను. గల్లాపెట్టె ముందు కూర్చుని చాయ్ తాగుతున్న ఆసామి గ్లాసు దించి నన్ను తేరిపార చూశాడు.

"గ్యాసుకు పొగ ఏంది సార్? నీలం మంట. తెల్లబట్ట పెట్టినా మసి అంటదు."

"కనపడని పొగ."

"కనపడంది మీకెట్ల తెలిసె?"

"మా అత్త చెప్పింది."

ఆయన లేచి నిలబడ్డాడు. "మీ అత్తది గద్వాలనా? పొట్టిగ ఉంటది, చేతిల ఊదుబత్తి పట్టుకొని తిరుగుతది?"

అవునన్నాను.

"ఒకపారి మా దుకాణానికొచ్చింది. ఊదుబత్తి ముట్టిచ్చి గీజర్లన్నిటి ముక్కుల కాడ తిప్పింది. గిరాకీలు గుడి అనుకొని చెప్పులు ఇడ్సి లోపలికొచ్చిన్రు. మంచిగున్నదా?"

"పోయిన ఏడు పోయింది."

ఆయన నాకొక చాయ్ తెప్పించి, "పోయినకాడ గాలి మంచిగనే ఉంటదిలే సార్, ఆమె ఊకుంటదా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటి నుంచి ఆమె నా వెంటే తిరుగుతోంది. రాసి దించుకుంటే తప్ప వదిలేలా లేదు.

ఆమె మా నాన్నకు అక్క. పేరు చెప్పను. బతికున్నప్పుడే ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, "ఓట్లేసేకాడ పిల్సినట్లు పిలుస్తవేంది?" అని తగులుకునేది. గట్టు అనే ఊరి దగ్గరి పల్లెలో కందులూ ఆముదాలూ పండించి, కొడుకు గద్వాలలో ఇల్లు కట్టాక అక్కడికి మకాం మార్చింది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆమె గట్టులో దగ్గితే గద్వాల బస్టాండులో బయలుదేరబోయే బస్సు ఆగిపోయేదని నేనంటే మా ఇంట్లో నమ్మరు. డ్రైవరును అడగండి అంటాను. ఆయన రిటైరైపోయాడు, అదే చిక్కు.

ఎవరింటికి వెళ్లినా మనం చెప్పులు విప్పి, మంచినీళ్లు తాగి, హాల్లో కూర్చుంటాం. అత్త నేరుగా స్నానాలగదికి నడిచేది. పాపం తొందరపడిందేమోనని ఇంటివాళ్లు తప్పుకుని దారిచ్చేవారు. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుని, నడుముకు దోపుకున్న వక్కల సంచి విప్పేది. అందులో వక్కలు, సున్నం డబ్బీ, చుట్టలు, అగ్గిపెట్టె, వాటి నడుమ సగానికి విరిచిన ఊదుబత్తులు. ఒక ముక్క ముట్టించి ముందు తలుపు కింది సందు దగ్గర పట్టేది, తరువాత చెయ్యి పైకెత్తి కిటికీ దగ్గర పట్టేది. కింద పొగ లోపలికి వంగాలి, పైన పొగ బయటికి పోవాలి. అలా పోతే బయటికొచ్చి మంచినీళ్లు తాగేది. పొగ ఉన్నచోటే నిలబడి వేలాడితే మాత్రం దవాఖానలో పెద్ద డాక్టరు బయటికి వచ్చినట్టు వచ్చి, ఇంటివాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసి చెప్పేది.

"ఈ అర్రకు నోరుంది, ముక్కు లేదు."

అంతే. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ స్నానం చేసేవారు కారు.

అలాగని ఆమె పొగకు శత్రువేం కాదు. చుట్ట లేనిది పొద్దు పొడిచేది కాదు ఆమెకు. "పొగకు గింత భయపడెటోళ్లు చుట్టెందుకు తాగుతరత్తా?" అని అడిగితే ఆమె దగ్గర జవాబు తయారుగా ఉండేది. "పొగను నేను తాగాలె అల్లుడా. పొగ నన్ను తాగొద్దు."

ఆ పొగ ఆమెను ఒకసారి తాగబోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆడబిడ్డకు కానుపైంది. ముసురు పట్టిన పగలు. బాలింతకు చలిగాలి తగలకూడదని కిటికీకి గోనెపట్టా కొట్టి, తలుపు బిగించి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టారు. మా దిక్కు బాలింత గదులన్నీ అప్పుడలాగే ఉండేవి. తోడుగా అత్తను కూర్చోబెట్టారు. కుంపటిలో బొగ్గులు బంగారంలా కణకణలాడుతున్నాయి, పొగ అన్నది లేదు. మొదట తలనొప్పి వచ్చింది. తరువాత నిద్ర వచ్చింది.

"గంత మంచి నిద్ర నా జన్మల రాలే" అని చెప్పేది. "గందుకే అది మంచిది కాదని ఎరుకైంది. కానీ లేద్దామంటె కాళ్లు నావి కావు."

వాళ్లను కాపాడింది ఒక మేక. వానకు తడిసి వణుకుతూ, లోపలి వెచ్చదనం పసిగట్టి, తలుపును కొమ్ములతో కుమ్మింది. గడియ ఊడింది, గాలి వచ్చింది, అత్త వాంతి చేసుకుంది, పసిబిడ్డ కేరుమంది, బాలింత కళ్లు తెరిచింది. ఆ మేకను ఎవరూ కోయలేదు. ముసలిదై పళ్లూడేదాకా సాకారు, పండగలకు బొట్టు పెట్టారు. అది పోయిన రోజున మా మామ గుండు చేయించుకున్నాడని నేను అందరికీ చెబుతుంటాను. అత్త వింటే సరిదిద్దేది. "గుండు కాదు, ఉత్త మీసమే. అబద్ధం ఆడొద్దు."

మేక దయవల్ల మిగిలిన ప్రాణాన్ని ఆమె వేడినీళ్లకు అంకితం చేసింది. చుట్టుపక్కల ఏ ఇంట పెళ్లైనా నీళ్లు కాచే పని ఆమెది. ఆరుబయట మూడురాళ్ల పొయ్యి, దానిమీద నిలువెత్తు రాగి కాగు, పక్కన చుట్టతో అత్త. నీళ్లలో మోచెయ్యి ముంచి చూసేది. పెళ్లికూతురికి ఒక వేడి, పెళ్లికొడుక్కి ఒక వేడి. పెళ్లికొడుకు నీళ్లు ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంచేది. ఎందుకంటే, "ఇప్పటిసంది అలవాటు గావాలె కద" అనేది.

ఆమె మనవడికి గద్వాలలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. వాడికి సంబంధం చూడటానికి నాగర్‌కర్నూల్ వెళ్లాం. పెళ్లివారింట్లో అందరం మిక్చరు, మైసూరుపాకు పళ్లాల ముందు కుదురుగా కూర్చున్నాం. అత్త కనపడలేదు. ఎక్కడుందో నాకు తెలుసు గనక నేను మైసూరుపాకు మీద దృష్టి పెట్టాను. కాసేపటికి ఆరిన ఊదుబత్తి చేతిలో పట్టుకుని వచ్చి, అందరి ముందూ తీర్పు చెప్పింది.

"పిల్ల నచ్చింది. బాతురూమే నచ్చలే."

పిల్ల తండ్రి చేతిలో మిక్చరు చేతిలోనే ఉండిపోయింది. "ఏమైందమ్మా?"

"పైన కిటికీకి అట్టముక్క కొట్టినరేంది? లోపల గ్యాసు గీజరుంది. మంట లోపల, మనిషి లోపల, గాలేమో బయట."

"బల్లులొస్తున్నయని కొట్టినమమ్మా. మీద పడితె మంచిది కాదంటరు."

"బల్లి మీద పడితె స్నానం చేస్తె పోతది. స్నానంల గాలి లేకుంటె మనిషే పోతడు."

తెర వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెంటనే లోపలి నుంచి చర్రుమని చప్పుడు వచ్చింది. పెళ్లికూతురు అట్టముక్క పీక్కుని, పట్టుచీర కొంగుకు సాలెగూడుతో సహా హాల్లోకి వచ్చి, దాన్ని మైసూరుపాకు పళ్లెం పక్కన పెట్టింది.

"తీసేసిననవ్వా. ఇంక పిల్ల సంగతి చూడండ్రి."

"సూసేదేం లేదు, ఈ పిల్లనే" అంది అత్త. మా మనవడి అభిప్రాయం అప్పుడూ ఎవరూ అడగలేదు, తరువాతా అడగలేదు.

పెళ్లి గద్వాలలోనే ఖాయమైంది. చుట్టాలు దిగుతారు, చలికాలం, అందుకని ఇంట్లో గీజర్ పెట్టిస్తానన్నాడు మనవడు. మెకానిక్ వచ్చాడు. మీసాలు నెరిసిన నిదానపు మనిషి. అత్త గుమ్మంలో కూర్చుని చుట్ట ముట్టించి, కాలు అడ్డం పెట్టింది.

"బిగిచ్చుడు తర్వాత. ముందుగాల ఇది ఊపిరెట్ల తీస్తదో చెప్పు."

"నాలుగు తీర్లున్నయవ్వా" అని అతను పెట్టె మీదే కూర్చున్నాడు. పని జరగాలంటే మాట జరగాలని ఒక్క చూపులో గ్రహించిన మనిషి. "ఒకటి గొట్టం లేంది. అర్రలనే మండుతది, అర్రలనే ఇడుస్తది. కింద సందు, పైన కిటికీ తప్పకుండ ఉండాలె. బకెట్లు నింపుకొని, గీజర్ బందు చేసి, అప్పుడు తలుపేసుకోవాలె."

"మావోడు బందు చేస్తడా? నల్ల కింద నిలబడి పాటలు పాడుకుంట పొద్దుగూకిస్తడు. తీసెయ్యి."

"రెండోది గొట్టముంది. వేడికి పొగ దానంతటదే పైకెక్కుతది. గొట్టం నిక్కంగ పైకి పోవాలె, కప్పు దాటాలె. వంకర్లు తిప్పొద్దు, కిందికి దించొద్దు."

"మేక లెక్క. ఎక్కుమంటె ఎక్కుతది, దిగుమంటె దిగది."

"ఎదురుగాలి కొడితె ఒక్కోపారి ఎనక్కి తిరుగుతది."

"మేకనే."

"మూడోది ఫ్యాను ఉన్నది. లోపల చిన్న ఫ్యానుండి పొగను గోడల నుంచి బయటికి నెడ్తది. కరెంటు పోతె మంట గూడ ఆరిపోతది, భయం లేదు."

"మా కోడలి తీరు. ఎన్కనుంచి ఒకరు నెడితెనే పనైతది."

వంటింట్లోంచి కోడలి గొంతు వచ్చింది. "వినపడుతుందత్తమ్మా."

"వినపడాల్ననే అన్న. నాలుగోది చెప్పు."

"గొట్టంల గొట్టం. ఒకదాంట్లకెళ్లి బయటి గాలి తీస్కుంటది, ఇంకోదాంట్లకెళ్లి బయటికే ఇడుస్తది. అర్రల గాలి ముట్టనే ముట్టదు."

అత్త చుట్ట దులిపి ఆలోచించింది. "అత్తగారింట్ల ముద్ద ముట్టకుండ తల్లిగారింటి సద్ది తెచ్చుకొని తినే కోడలన్నట్టు. పొగరుది, కానీ మంచిదే."

"మంచిదే, కానీ హైదరాబాదు నుంచి తెప్పియ్యాలె. పెండ్లినాటికి రాదు."

"ఐదో తీరు మర్సినవ్."

"ఐదోది లేదవ్వా."

"ఎందుకు లేదు? కాగు పొయ్యిని ఎన్నడన్న అర్రల పెట్టినమా? మంట వాకిట్ల, మనిషి అర్రల. దీన్ని గూడ బయట గోడకు ఏలాడదియ్యి. నీళ్ల గొట్టం ఒక్కటే లోపలికియ్యి."

మెకానిక్ నవ్వేశాడు. "అన్నిట్ల మంచిది అదే" అన్నాడు. నేను మొన్న వనపర్తిలో కొని, మా ఇంటి వెనక ఛజ్జా కింద బిగించుకున్నది ఆ ఐదో తీరులోనే.

కానీ ఆ రోజు అత్త మాట చెల్లలేదు. "బయట పెడితే కోతులు పీకుతయవ్వా" అన్నాడు మనవడు. వాడికి ఆమె బలహీనత తెలుసు. శ్రావణమాసంలో బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కు చెల్లించే మనిషి, కోతుల్ని ఒక్క మాట అనలేదు. కాలు తీసి దారిచ్చింది. ఫ్యాను ఉన్నదే బిగించారు. గొట్టం మూతి వీధి వైపు గోడలోంచి జానెడు బయటికొచ్చింది. దానికి కాస్త పైన స్నానాలగది కిటికీ ఉంది. "కిటికీకి ఇంకింత దూరముంటె బాగుండు, అడ్డం దూలం వచ్చింది. ఏం గాదు, నడుమ గాలి ఆడుతది" అన్నాడు మెకానిక్.

మర్నాటి నుంచి అత్తకు కొత్త ఉద్యోగం దొరికింది. పొద్దున్నే ఆ గోడకు ఎదురుగా అరుగు మీద కూర్చుని, చుట్ట తాగుతూ, గొట్టంలోంచి వచ్చే ఆవిరిని చూసేది. ఆమె దమ్ము వదిలితే గొట్టం వదిలేది, గొట్టం వదిలితే ఆమె. ఇద్దరు దోస్తులు కూర్చుని పొగ తాగుతున్నట్టే ఉండేది. అన్నీ సరిగ్గానే తెలుసని కాదు. నీళ్లలో గ్యాసు కలిసి వస్తుందని చివరిదాకా ఆమె నమ్మకం. అప్పుడే స్నానం చేసి వచ్చినవాళ్ల పక్కన అగ్గిపుల్ల గీసేది కాదు, భగ్గుమంటారని.

పెళ్లిరోజు వచ్చింది. తెల్లవారగానే మనవడి దోస్తులు ఫ్లెక్సీ తెచ్చారు. ఎంత ఫ్లెక్సీ అంటే, అందులో మా వాడి కళ్లద్దాలే జోడెద్దుల బండి చక్రాలంత ఉన్నాయి. మేడ మీద నుంచి వీధి గోడకు దించి కట్టారు. పొద్దున్నే ఆ గోడ ఎదుట అరుగు మీద ఉండాల్సిన మనిషి ఆ వేళ వాకిట్లో కాగు దగ్గర ఉంది. గొట్టం మూతి ఫ్లెక్సీకి లోపలి నుంచి తగిలి, పెళ్లికొడుకు నోటి దగ్గర విడెం దవడన పెట్టుకున్నట్టు ఎత్తుగా కనిపించింది. "మంచిగైంది, గాలికి కొట్టుకోకుండ పైపు పట్టుకుంది" అన్నాడు ఒక దోస్తు. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

వాకిట్లో పీట వేసి నలుగు పెట్టారు. అత్త కాచిన నీళ్లు పోశారు. పసుపు వదలడం లేదని మా వాడు సబ్బు తీసుకుని స్నానాలగదిలోకి దూరి, గడియ పెట్టుకుని, గీజర్ తిప్పి, పాట ఎత్తుకున్నాడు. గేటు దగ్గర బ్యాండువాళ్లు డప్పులు వేడి చేసుకుంటున్నారు. అత్త పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి చుట్ట ముట్టించి, అలవాటుగా తన దోస్తును చూద్దామని వీధిలోకి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

గోడ మీద ఆవిరి లేదు. మనవడి బొమ్మ ఉంది. ఆ బొమ్మ బుగ్గ ఉబ్బింది. తగ్గింది. మళ్లీ ఉబ్బింది.

"గాలికి ఊగుతుందత్తా" అన్నాను.

"గాలేది?" అంది. తలెత్తి చూశాను. తోరణంలో ఒక్క మామిడాకు కదలడం లేదు.

ఆమె చుట్ట పారేసింది. ముట్టించిన చుట్టను ఆమె పారేయడం నేను చూడటం అదే మొదలు. గొట్టం ఊదిన పొగ ఫ్లెక్సీకీ గోడకూ నడుమ చిక్కుకుని, పైనున్న కిటికీలోంచి తిరిగి లోపలికే పోతోంది. ఈ సంగతి నాకు సాయంత్రానికి అర్థమైంది. ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. పరుగెత్తి సందులో ఉన్న సిలిండరు కట్టేసింది. కట్టె తీసుకుని స్నానాలగది తలుపు బాదడం మొదలుపెట్టింది.

"తలుపు తియ్యర. బయటికి రా."

ఇక్కడే మావాళ్లంతా కలిసి ఒక పొరపాటు చేశారు. పెళ్లికొడుకు స్నానానికి వెళితే తలుపు దగ్గర నిలబడి సతాయించడం మా దిక్కు మరదళ్లకు వేడుక. ముసలామె కూడా ఆటలో దిగిందనుకున్నారు. పిల్లలంతా వచ్చి చేరారు. "బావా, తియ్యకు. మాకేమిస్తవో చెప్పినంకనే తియ్యి" అని ఒకతె, "అవ్వ కొట్టుడు సూడే, ఎంత జోరుందో" అని ఇంకొకతె. గేటు దగ్గరి డప్పులాయన ఆమె కట్టె దరువు విని, అదే దరువు అందుకున్నాడు. ఇల్లంతా చప్పట్లు.

లోపల పాట ఆగిపోయింది. చప్పట్ల నడుమ వాడి గొంతు ముద్దముద్దగా వినిపించింది. "వస్తున్ననవ్వా... జర కూసుంట."

అత్త బాదడం ఆపింది. నా దగ్గరకు వచ్చింది. గట్టు నుంచి గద్వాల దాకా వినిపించే ఆ గొంతు ఆ క్షణాన నాకు తప్ప ఎవరికీ వినపడనంత చిన్నదైంది.

"కూసుంటనంటున్నడు అల్లుడా. వానికి నిద్రొస్తుంది. నువ్వు తలుపు చూడు, నేను కిటికీ చూస్త."

నా బరువు మీద మా ఇంట్లో పుట్టని జోకు లేదు. ఆ రోజు ఆ బరువంతా పోగుచేసి తలుపు మీద పడ్డాను. మొదటిసారికి తలుపు నవ్వింది. రెండోసారికి గడియ వంగింది. ఈలోగా బయట అత్త కొడవలి పట్టుకుని, గోడకు ఒక కుర్చీ జరుపుకుని ఎక్కి, మునివేళ్ల మీద నిలబడి, మనవడి బొమ్మను నోటి నుంచి కళ్లద్దాల దాకా ఒక్క పెట్టున చీరేసింది. కిటికీ బయటపడింది. తలుపూ వచ్చేసింది, నేనూ దాంతోపాటే లోపలికి వెళ్లాను.

వాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక చెవికి సబ్బు, మొహాన పసుపు, పెదాల మీద ఏదో తీయని కల కంటున్న నవ్వు. ఆ నవ్వే భయపెట్టింది. ఎత్తి వాకిట్లోకి తెచ్చాం. చల్లగాలి తగిలింది, వాంతి చేసుకున్నాడు, కళ్లు తెరిచాడు.

"తలకాయ పగుల్తుందవ్వా."

"పగుల్తె పగలనీ, ఉన్నది కద" అని అత్త వాడి తల ఒళ్లో పెట్టుకుంది. ఆమె చేతిలో కొడవలి అప్పటికింకా అలాగే ఉంది.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. బ్యాండువాళ్లు ఊరేగింపు మొదలైందనుకుని, ఆటో వెనకే వాయించుకుంటూ దవాఖాన గేటు దాకా వచ్చారు. డాక్టరు ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, "గ్యాసు లీకైతే కంపు కొడుతుంది, మేలుకుంటాం. మంటకు గాలి చాలకపోతే పుట్టేదానికి రంగూ లేదు, వాసనా లేదు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది" అన్నాడు. "బొగ్గులకు గూడ వాసన లేకుండె" అంది అత్త. డాక్టరుకు అర్థం కాలేదు. నాకు మేక గుర్తొచ్చింది.

పెళ్లికూతురి తండ్రి పరుగున వచ్చాడు. ముక్కుకు గొట్టంతో ఉన్న అల్లుణ్ణి చూసి మొహం నల్లబడింది. "ఏదన్న రోగముంటే ముందుగాల చెప్పాలె కదమ్మా."

"రోగం లేదు" అంది అత్త. "మీ ఇంటి కిటికీకి అట్టముక్క అడ్డమొచ్చె. మా ఇంటి కిటికీకి వీని మొఖమే అడ్డమొచ్చింది."

వెనక నుంచి పెళ్లికూతురి నవ్వు వినిపించింది. అదే కిసుక్కుమన్న నవ్వు. తండ్రి వద్దన్నా వెంట వచ్చినట్టుంది. మంచం దగ్గరకు వెళ్లి వాణ్ణి చూసి, "మంచిగ పీల్చు. తొందర లేదు" అంది. పొద్దుటి ముహూర్తం దాటిపోయింది. పెళ్లి చేయించే మా అయ్యగారి సంచిలో ఎప్పుడూ ఒక ముహూర్తం అదనంగా ఉంటుంది, అది తీశాడు. డాక్టరు సరేనన్నాక, మధ్యాహ్నం దాటి పెళ్లి అయింది.

సాయంత్రం కొత్త జంట ఇంటికి వచ్చేసరికి ఫ్లెక్సీ అలాగే వేలాడుతోంది. కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. "పెండ్లినాడు కొడుకు మొఖం కోసిందత్తమ్మ. గిదేం శకునం?" అంతలో లోపల ఏ చుట్టమో సిలిండరు తిప్పుకుని, ఊడిన తలుపు అడ్డం పెట్టుకుని స్నానానికి దిగినట్టున్నాడు. చీలిన పెదాల నడుమ నుంచి ఆవిరి బుస్సుమని వచ్చింది. పెళ్లికొడుకు బొమ్మ నిండా దమ్ము లాగి వీధిలోకి వదిలింది.

కొత్తకోడలు తలంబ్రాల బియ్యం జుట్టులోంచి రాలేలా నవ్వింది. "ఇంతకుముందు ఒట్టిగ పండ్లు కనపడుతుండె అత్తమ్మా. ఇప్పుడే బొమ్మల జీవమొచ్చింది" అంది. ఫొటోగ్రాఫరు పరుగెత్తుకొచ్చాడు. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ల ఆల్బంలో మొదటి పేజీ. నేను చెప్పేవాటిలో ఏదైనా నమ్మనివాళ్లు గద్వాల వెళ్లి దాన్ని చూడవచ్చు.

మర్నాడే మెకానిక్ వచ్చి, తలవంచుకుని, గొట్టాన్ని కిటికీకి దూరంగా జరిపి, మూతికి జాలీ బిగించి వెళ్లాడు. అత్త ఆ గోడ మీద అధికారం తీసుకుంది. ఆమె ఉన్నంతకాలం దానికి తోరణం కూడా కట్టనివ్వలేదు. ఎన్నికలప్పుడు ఎవరో పోస్టరుకు జిగురు పూస్తుంటే, వక్కల సంచిలోంచి ఊదుబత్తి తీసి, "గొట్టానికి అడ్డం నువ్వే నిలబడు, నీ ముక్కు కాడ చూస్త" అందట. జిగురు డబ్బా వదిలేసి పోయారు.

పోయిన ఏడు చలికాలంలో, అరుగు మీద, ఎదురుగా ఆవిరి చూస్తూ చూస్తూ పోయింది. చేతిలో చుట్ట ఉంది. ముట్టించలేదు. ఎవరో అప్పుడే స్నానం చేసి పక్కన కూర్చున్నారట.

దినాలకు మనవడు ఫ్లెక్సీ చేయించాడు. మా దిక్కు ఇప్పుడు అది లేనిదే మనిషి పోయినట్టు లెక్క కాదు. దాన్ని తెచ్చి ఆ గోడ దగ్గరే నిలబడ్డాడు.

"వేరే గోడ దొరకలేదారా? అవ్వ దీనికి పూలదండ గూడ కట్టనియ్యకుండె" అన్నాను.

"వేరేటోళ్లను కట్టనియ్యకుండె మామా. ఈమె సంగతి వేరే."

చిన్న ఫ్లెక్సీయే. కిటికీ దాకా రాలేదు. గోడకు ఆనకుండా, బెత్తెడు ఎడంగా, రెండు కట్టెలకు కట్టాడు. ముందే కొలతలిచ్చాడట. "అందరు మొఖం తెల్లగ కొట్టమంటరు, నువ్వేందన్నా, నోరు నేల నుంచి ఎంతెత్తు ఉండాల్నో చెప్తున్నవ్?" అని ఫ్లెక్సీ షాపువాడు ఆశ్చర్యపోయాడట. అత్త పెదాలు ఉన్నచోట కత్తెరతో గుండ్రంగా కోసి, గొట్టం మూతి సరిగ్గా అందులోంచి బయటికి వచ్చేలా నిలబెట్టాడు. తరువాత లోపలికి వెళ్లి, తలుపు మూసి, ఊదుబత్తి ముట్టించి, కిందా పైనా పట్టి చూసి వచ్చాడు. "పోతుంది" అన్నాడు.

దినాలనాడు పొద్దున్నే చుట్టాలు దిగారు. ఆడవాళ్లు గేటు దగ్గరే కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు అందుకున్నారు. లోపల ఎవరో స్నానానికి నల్ల తిప్పారు. అత్త బొమ్మ నోట్లోంచి మెల్లగా, నిదానంగా, చుట్ట తాగేవాళ్లు తొలి దమ్ము వదిలినట్టు, తెల్లటి పొగ వచ్చింది.

ఏడుపు ఆగింది. అందరూ కోడలి వైపు చూశారు. చుట్ట గురించి ఆ ఇద్దరికీ జరగని తగాదా లేదు. కోడలు కళ్లు తుడుచుకుని, ఫ్లెక్సీ ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇంట్ల తాగొద్దంటి కద అత్తమ్మా. గందుకని గోడెక్కి తాగుతున్నవా?"

మొదట కొత్తకోడలు నవ్వింది. తరువాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. ఆ పొద్దున ఆ ఇంట్లో చాలామంది ఏ అవసరమూ లేకుండా రెండోసారి స్నానం చేశారు. వాళ్లలో నేనూ ఉన్నాను.